మానని పుండు, దొరకని నాడి

మాది కర్నూలు పాతబస్తీ. 30 ఏళ్ళ నుంచి పిండిమర నడుపుతున్నా, పొద్దున ఆరింటికి మర కాడ నిలబడితే రాత్రి దాకా నిలబడే పని. ఇప్పుడు నాకు 57, షుగరొచ్చి 14 ఏళ్ళయింది, బీడీలు అంతకంటే పాతవి. ఇప్పుడు ఆలోచిస్తే నా కాలు రెండేళ్ళ ముందు నుంచే చెప్తా ఉండింది. కొండారెడ్డి బురుజు కాడ నుంచి రాజ్‌విహార్ దాకా నడిచేలోగా ఎడమ పిక్క రాయి మాదిరి పట్టేసేది, రెండు నిమిషాలు ఏదో ఒక అంగడి ముందర నిలబడితే పోయేది, మళ్ళా నడిస్తే మళ్ళా వచ్చేది. వాతం అన్నారు, నరాల వీక్నెస్ అన్నారు, నేనూ బలం సూదులేసుకుంటా కాలం గడిపినా.

పోయినేడాది ఏప్రిల్లో యాగంటి గుడికి పోయినాం. మిట్టమధ్యానం, బండలు కాలిపోతున్నాయి, పక్కనోళ్ళంతా ఎగురుకుంటా పరిగెత్తుతుంటే నేను మాత్రం నిదానంగా నడిచొచ్చినా, షుగర్ వల్ల అరికాలికి స్పర్శ పోయిందని నాకు తెలీదు. ఇంటికొచ్చి చూస్తే బొటనవేలి కింద ఇంత బొబ్బ. అది చితికి పుండయింది. మూడు నెలలు ఒక క్లినిక్‌లో రోజు మార్చి రోజు డ్రెస్సింగ్, యాంటీబయాటిక్స్ మూడు రకాలు మార్చినారు, మధ్యలో మా బావ చెప్పినాడని ఆకు పసరు కూడా పెట్టినా. పుండు మానలేదు సరికదా పక్క వేలు నల్లబడింది. రాత్రిపూట కాలు మంచం మీద పెడితే ప్రాణం పోయేంత నొప్పి, కిందికి వేలాడేస్తే రొంత తగ్గేది, అందుకని కుర్చీలో కూర్చోనే నిద్రపోయేవాణ్ణి. మా ఆమె కిందనే కూర్చోని కాలు పట్టుకునేది.

ఆఖరికి మా కొడుకు "నాయినా ఇంక ఇట్ల కాదు" అని వేరే డాక్టర్ కాడికి తీసుకుపోయినాడు. ఆయన కట్టు విప్పకముందే పాదం మీద రెండు వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకున్నట్టు ఆగినాడు, తర్వాత చీలమండ వెనక పెట్టినాడు, తర్వాత మోకాలి వెనక. "పెద్దాయనా, నీ కాల్లో నాడి దొరకడంలే" అన్నాడు. మూడు నెలల్లో నా పాదం మీద వేలు పెట్టి నాడి చూసింది ఆ సారే మొదలు. నేను ఈ ముక్క రాసేదానికే ఇదంతా మొదలుపెట్టినా. పుండు మానాలంటే మందు, ఆక్సిజన్, తిండి అన్నీ రక్తంలోనే రావాలంట, రక్తమే రాని చోట ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ వేసినా అది పుండు దాకా పోయేదెట్ల?

పెన్ను మాదిరి ఉండే డాప్లర్ ఒకటి పెట్టినాడు, నాళంలో రక్తం పారే శబ్దం వినిపించే మిషన్ అది. కుడికాలి మీద బుస్ బుస్ అని గట్టిగా వినపడింది, ఎడమకాలి మీద ఎక్కడో దూరంగా గాలి వీచినట్టు. చేతి బీపీ 140, చీలమండ కాడ 60. చీలమండ లెక్కని చేతి లెక్కతో భాగిస్తే 0.43 వచ్చింది. 0.9 కంటే తక్కువుంటేనే కాళ్ళ రక్తనాళాలు ఇరుకైనట్టంట. షుగరోళ్ళకి నాళాలు గట్టిపడి ఈ లెక్క ఒక్కోసారి ఎక్కువ చూపించి మోసం చేస్తుందంట, అందుకే కాలి వేలి కాడ ప్రెషర్ కూడా చూడాలన్నాడు. ఇది సూదీ లేదు కోతా లేదు, పది నిమిషాల పరీక్ష. దీని గురించి ముందే ఎవరన్నా చెప్పింటే నాకు రెండు వేళ్ళు మిగిలుండేవేమో అని ఇప్పటికీ బాధ.

ఆయనే హైదరాబాద్‌లో రక్తనాళాల సర్జన్ కాడికి పంపించినాడు. సీటీ యాంజియోలో, అంటే రక్తనాళాల స్కానింగ్‌లో, తొడ నాళం జానెడు పొడుగున మూసుకుపోయింది, మోకాలి కింద ఉండాల్సిన మూడింట్లో ఒకటే బాగుంది. ముందు బెలూన్‌తో నాళం తెరిచేదానికి ట్రై చేసినారు, కుడి గజ్జలో నుంచి వైరు పంపించి. రెండు గంటలు చూసినా వైరు ఆ అడ్డం దాటలేదు, సున్నం పేరుకుపోయి గట్టిగా ఉందంట. నేను ఏడ్చేసినా, ఇంక కాలు తీసేస్తారనుకున్నా. అప్పుడు ఆ టీమ్‌లోని చిన్న డాక్టరమ్మ పక్కన కూర్చోని ఒక విషయం చెప్పింది. అసలు ఈ లోపలి నుంచి నాళం తెరిచే వైద్యం మొదలైందే గుండెకి కాదంట, కాలికంట. 1964లో అమెరికాలో చార్లెస్ డాటర్ అనే డాక్టర్, కాలు తీయించుకోనని మొండికేసిన 82 ఏళ్ళ అవ్వకి ఇట్లే గొట్టం పంపి తెరిచినాడు, ఆమె కాలు నిలబడింది. గుండెకి బెలూన్ వేసింది ఆ తర్వాత, 1977లో. "వైరు పోకపోతే ఏమన్నా, పక్క దారి వేస్తాం" అన్నది. ఆ మాటతోనే ఆ రాత్రి గడిచింది.

పక్క దారంటే బైపాస్. గుండెకే చేస్తారనుకునేవాణ్ణి, కాలికి కూడా చేస్తారని అప్పుడే తెలిసింది. మన కాల్లోనే చర్మం కింద చీలమండ నుంచి గజ్జ దాకా ఒక పొడుగాటి సిర ఉంటుంది, ఒంట్లో అన్నిటికంటే పొడుగైన సిర అదే, గుండె బైపాస్‌కి తీసేది కూడా ఎక్కువగా దాన్నే. దాన్ని తీసి గజ్జ కాడ ఒక కొస, మోకాలి కింద ఒక కొస కుడతారు. నాకు బాగా నచ్చిన సంగతేందంటే దాన్ని తలకిందులు చేసి కుట్టినారు. సిరలో రక్తం పైకి మాత్రమే పోయేటట్టు లోపల చిన్న చిన్న తలుపులుంటాయి, అట్లే కుడితే అవి రక్తాన్ని కిందికి రానీవు, అందుకని తిరగేస్తారు. రక్తనాళాలు కుట్టే పద్ధతి కనిపెట్టినందుకే అలెక్సిస్ కారెల్‌కి 1912లో నోబెల్ ఇచ్చినారంట, వందేళ్ళు దాటిపోయినా నా కాల్లో పనిచేసింది ఆ కుట్టే. ఆపరేషన్‌కి ముందు గుండెకి ఎకో తీసినారు, కాలి నాళాలు మూసుకుంటే గుండె నాళాలని కూడా అనుమానించాలంట. నాది పర్వాలేదన్నారు. వెన్నులో మత్తు, ఐదు గంటలు పట్టింది.

సాయంత్రం డాప్లర్ పెట్టినారు. బుస్ బుస్ అని వార్డంతా వినపడింది. మా ఆమె తలుపు కాడ నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాలుగు రోజులకి నల్లబడిన రెండు వేళ్ళు, చచ్చిన కండ తీసేసినారు. రక్తం రాకముందు తీసుంటే ఆ కోత కూడా మానేది కాదన్నారు, అందుకే ముందు నాళం, తర్వాత పుండు. పాదం వాచింది, కొత్తగా రక్తం వస్తే అట్లే వాస్తుందన్నారు. తర్వాత వ్యాక్ అనే పీల్చే మిషన్ పెట్టినారు. పుండులో నల్ల స్పాంజి, పైన గాలి పోకుండా ప్లాస్టిక్ షీటు, దానికో గొట్టం, మిషన్‌లో 125 అని సెట్ చేస్తే లోపలి తడి, చెడు నీరు లాగేస్తా ఉంటుంది. వారం తర్వాత కర్నూలుకొచ్చి ఇక్కడే మూడ్రోజులకోసారి మార్పించుకున్నా. మార్చేటప్పుడు నొప్పి మామూలుగా ఉండదు, స్పాంజిలోకి సెలైన్ పోసి కాసేపు నానబెట్టి తీయమని అడగండి, అట్ల తీస్తే శానా తేడా. మూడో మార్పుకి సిస్టర్ "చూడన్నా" అని చూపించింది, పాలిపోయిన చోట దానిమ్మ గింజలు పరిచినట్టు ఎర్రటి కండ.

తిండి విషయంలో మాత్రం ఇంట్లో యుద్ధమే అయింది. పుండున్నోడు పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తినకూడదు, వంకాయ ముట్టకూడదు అని మా అత్త, ఇరుగుపొరుగు అందరూ. చారన్నంతో పత్యం పెట్టినారు రెండు నెలలు. డైటీషియన్ వినేసి తల పట్టుకుంది, కొత్త కండ పుట్టాలంటే ప్రొటీన్ కావాలి, మీరు పునాది లేకుండా గోడ కడుతున్నారు అన్నది. అప్పట్నుంచి పొద్దునా సాయంత్రం గుడ్లు, పప్పు, పెరుగు. షుగర్ మూడు నెలల లెక్క 10.2 ఉండింది 7.1కి వచ్చింది. బీడీ ఆపరేషన్ ముందురోజే ఆగిపోయింది, మళ్ళా తాగితే కొత్త నాళం కూడా మూసుకుపోతుంది అని సర్జన్ ఒక్క మాటే అన్నాడు.

మూడు వారాలకి వ్యాక్ తీసి తొడ మీద చర్మం పల్చగా గీకి పాదానికి అతికించినారు. పాదం కంటే చర్మం తీసిన తొడే ఎక్కువ మండింది. మొత్తంగా యాగంటి బొబ్బ నుంచి పుండు పూర్తిగా మూసుకునే దాకా తొమ్మిది నెలలు. ఖర్చు ఆరోగ్య కార్డు కింద కొంత పోయింది, మిగతాదానికి అప్పు ఉంది, తీరుస్తున్నా.

ఇప్పుడు షుగరోళ్ళకి చేసే ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులేసుకుంటా, ఇంట్లో కూడా. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర రోజూ, ఆర్నెల్లకోసారి నాళానికి స్కానింగ్. మర కాడ స్టూలు వేసుకున్నా, సాయంత్రం రాజ్‌విహార్ దాకా ఆగకుండా నడుస్తున్నా. పాదం మీద నాడి ఎక్కడుంటుందో డాక్టరమ్మ మా ఆమెకి నేర్పించింది. రోజూ పడుకునే ముందు అరికాలు లైటు వేసి చూసి, రెండు వేళ్ళు పెట్టి కాసేపు పలకదు. తర్వాత "ఉందయ్యా" అని లైటు ఆర్పుతుంది.