దొంగ బుడగ

పదకొండున్నర దాటింది. అత్తయ్య మళ్లీ ఫ్యాన్ ఆపేసింది, చిన్నది నా దుప్పటి లాక్కుని పడుకుంది. నాకు నిద్ర రావడం లేదు.

పొద్దున షెడ్‌లో అందరి ముందూ మా వెల్డర్ భాయ్ మీద అరిచాను. "ఇరవై ఏళ్ల నుంచి టిగ్ వెల్డింగ్ చేస్తున్నారు, లీక్ లేకుండా ఒక్క జాయింట్ వేయలేరా?" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. హెల్మెట్ బెంచీ మీద పెట్టి టీకి వెళ్లిపోయారు.

మేం చేస్తున్న వ్యాక్యూమ్ చాంబర్, అంటే లోపలి గాలంతా తోడేసే డబ్బా, శుక్రవారం ల్యాబ్‌కి వెళ్లాలి. లోపలి గోడలకి అంటిన తేమ పోవాలని హీటర్ టేపులు చుట్టి 150 డిగ్రీల దగ్గర మూడు రోజులు బేక్ చేశాం. ఒత్తిడి 10 పవర్ మైనస్ 9 మిల్లీబార్‌కి దిగాల్సింది, గేజ్ మైనస్ 7 దగ్గరే కూర్చుంది, అంటే వంద రెట్లు ఎక్కువ. ఈలోగా ఆ పర్చేజ్ ఆయన ఫోన్. "లోపల గాలి కూడా లేని ఖాళీ డబ్బానే కదమ్మా, ఇన్ని రోజులా?" అట! ఖాళీ చేయడమే కదా పని! జెనీవా దగ్గర ప్రోటాన్లని ఢీకొట్టించే పెద్ద యంత్రం, ఎల్‌హెచ్‌సీ కొలైడర్, చుట్టుకొలత 27 కిలోమీటర్లు. అందులో ప్రోటాన్లు సెకనుకు 11,245 సార్లు చుట్టు తిరుగుతాయి, అలా గంటల తరబడి తిరగాలి. దారిలో గాలి అణువులు తగిలితే చెదిరిపోతాయి. అందుకే ఆ గొట్టంలో ఒత్తిడి 10 పవర్ మైనస్ 10 మిల్లీబార్, ఇంకా తక్కువ కూడా. అంటే మనం పీల్చే గాలిలో 10 లక్షల కోట్లవ వంతు. మాది కొలైడర్‌కి వెళ్లేది కాదు, చిన్న టెస్ట్ చాంబరే. అయినా రూల్స్ అవే. చేతి జిడ్డు అంటుకున్నా రోజుల తరబడి ఆవిరి వదులుతూనే ఉంటుంది. అది తెలిసీ కొత్త కుర్రాడు మొన్న గ్లోవ్స్ లేకుండా ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అంచు) పట్టుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పాలి? అసలు ఈ టపా వాడి మీద రాద్దామనే కూర్చున్నాను.

రాస్తుంటే కుషాయిగూడలో నాన్న పంక్చర్ షాపు గుర్తొచ్చింది. గాలి కొట్టిన ట్యూబుని తొట్టిలో ముంచి తిప్పడం నా పని. బుడగ కనిపిస్తే చాలు "నాన్నా, ఇక్కడ!" అని అరిచేదాన్ని. నాన్న నీళ్లలోనే బొటనవేలితో అక్కడ తుడిచేవాడు. ఆ వేలి గోరు సొల్యూషన్‌తో ఎప్పుడూ నల్లగా ఉండేది. "మళ్లీ అక్కడే పుడితే పంక్చర్. పుట్టకపోతే ట్యూబు మడతలో ఇరుక్కున్న గాలి. అది దొంగ బుడగమ్మా" అనేవాడు. ఒకరోజు రద్దీలో నేను తుడవకుండానే పెన్సిల్‌తో గుర్తు పెట్టేశాను. నాన్న నన్ను నమ్మి అక్కడే అతుకు వేశాడు. సాయంత్రం పాలాయన ఖాళీ క్యాన్లతో సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. "నేనే చూసుకోలేదన్నా" అని నాన్న మళ్లీ చేసిచ్చి డబ్బులు తీసుకోలేదు. నన్ను ఒక్క మాట అనలేదు.

మధ్యాహ్నం ప్రతి వెల్డ్ మీదా హీలియం కొట్టాం. లీక్ ఉంటే లోపలికి దూరిన హీలియాన్ని పట్టే డిటెక్టర్ కదల్లేదు. పంపు వైపు వాల్వ్ మూసి చూస్తే ఒత్తిడి మొదట గబగబా పెరిగి, తర్వాత నెమ్మదించింది. బయటి నుంచి లీక్ అయితే ఒకే వేగంతో పెరుగుతూ పోవాలి. ఇది లోపలే ఎక్కడో ఇరుక్కున్న గాలి.

డ్రాయింగ్ తెరిచాను. లోపలి బ్రాకెట్‌కి 4 ఎం6 (6 మిల్లీమీటర్ల) బోల్టు రంధ్రాలు, నాలుగూ అడుగు మూసినవే. వాటిలో మామూలు బోల్టులు. బోల్టు కింద రంధ్రం అడుగున చిక్కిన గాలి సందుల్లోంచి కొంచెం కొంచెంగా వస్తూ ఉంటుంది. ఆ డ్రాయింగ్ గీసింది నేనే. చెక్ చేసినవాళ్లు కూడా చూడలేదు, కానీ ఆ మాట ఇప్పుడెందుకు.

కుర్రాడిదీ తప్పు కాదు. ఆ ఫ్లాంజ్ అసిటోన్‌తో తుడిచాకే బిగించాం.

భాయ్ వెల్డ్‌ని టార్చి వేసి మళ్లీ చూశాను. గాలి చిక్కే సందు ఉండకూడదని జాయింట్ లోపలి వైపు నుంచే వేయాలి. చిన్న పోర్టులోంచి మెడ వంచి వేశారు ఆయన. చుట్టూ ఒకే వెడల్పు, లేత బంగారు రంగు, ఎక్కడా నల్లబడలేదు. చెబుదామని వెళ్లేసరికి ఆయన ఇంటికి వెళ్లిపోయారు. ఫోన్ చేద్దామని నంబర్ తీసి మళ్లీ ఆగాను.

రేపు బోల్టులు టర్నర్‌కి ఇచ్చి నిలువునా సన్న రంధ్రం వేయించాలి. భాయ్ ఎనిమిదిన్నరకి వస్తారు. అప్పటికి షెడ్‌లో అందరూ ఉంటారు.