ఎర్ర సిరా హరికేన్

నిద్ర పట్టట్లేదు. కారణం చెబితే నవ్వుతారు. చిన్నదాని ఇంగ్లిష్ నోట్సులో ఒక ఇంటూ మార్కు.

తేడాలు రాయమని వర్క్‌షీటు ఇచ్చారట. అఫెక్ట్–ఎఫెక్ట్, హిస్టారిక్–హిస్టారికల్, ఆ బాపతు. అన్నీ రాసేసింది. ఆఖర్న సైక్లోన్–హరికేన్. ఇది "రెండూ ఒకటే, సముద్రాన్ని బట్టి పేరు మారుతుంది" అని రాస్తే, కొట్టేసి పక్కన గుండ్రటి అక్షరాలతో 'హరికేన్ ఈజ్ స్ట్రాంగర్' అని రాసింది టీచరమ్మ.

ఒళ్లు మండింది నాకు. అట్లాంటిక్‌లో అయితే హరికేన్, జపాన్, ఫిలిప్పీన్స్ వైపు టైఫూన్, మన బంగాళాఖాతంలో సైక్లోన్. తిరిగే గాలి అదే కదా! పైగా విశాఖలో కూర్చుని ఆ మాట రాయడానికి చెయ్యెలా వచ్చిందో. 2014లో ఆవిడ ఈ ఊళ్లో లేదేమో.

హుద్‌హుద్ ఆదివారం వచ్చింది, అక్టోబరు 12. చిన్నది అప్పటికి చంటిది. బెడ్‌రూమ్ కిటికీ అద్దం పగిలాక అందరం వంటింటి పక్క నడవలో చేరాం. మావారు వీధి తలుపుకి సోఫా అడ్డం పెట్టి దాని మీద కూర్చున్నారు. ఆయనతో సహా సోఫా జరుగుతోంది! ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. పక్కింటివాళ్లు "హమ్మయ్య, అయిపోయిందండీ" అంటూ మెట్ల మీదకి వచ్చారు. అత్తయ్య ఒకటే కేక, "లోపలికి రండర్రా, తిరుగుగాలి ఉంటాది" అని. అన్నట్టే కాసేపటికి రెండోవైపు నుంచి అందుకుంది. తుఫాను కన్ను ఊరి మీంచే పోయిందని తర్వాత తెలిసింది. కరెంటు లేని ఆ రోజుల్లో ట్యాంకులో మిగిలిన నీళ్లు చెంబులతో లెక్కపెట్టి వాడుకున్నాం. కైలాసగిరి మీద పచ్చన అన్నదే లేదు, కాల్చేసినట్టు. ఎయిర్‌పోర్టు పైకప్పే లేచిపోయింది. అంత గాలీ పేరుకి సైక్లోనే మరి.

ఇదంతా టీచరమ్మకి మెసేజ్‌గా టైపు చేశాను. పంపేముందు అంకెలు సరిచూద్దామని కూర్చుంటే అక్కడొచ్చింది చిక్కు. మన వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే చాలు, తుఫాను అని పేరు పెట్టేస్తారు. అమెరికా వాళ్లు 119 దగ్గరికొస్తే గానీ హరికేన్ అనరు. అందాకా వాళ్లకది ట్రాపికల్ స్టార్మే. అంటే, ఏ మాటకామాట, వాళ్ల బక్క హరికేన్ కూడా మన బక్క సైక్లోన్ కన్నా బలమైనదే. టీచరమ్మ ఈ లెక్క చూసుకునే రాసిందంటారా? నేను నమ్మను. కానీ తప్పు రాసిందని గట్టిగా అనడానికీ లేదు. అది ఇంకా చిరాగ్గా ఉంది. కనీసం అర మార్కు వేస్తే ఆవిడ సొమ్మేం పోయేది?

మెసేజ్ డ్రాఫ్టులోనే ఉంది.

అన్నట్టు, బిసైడ్–బిసైడ్స్‌కి చిన్నది సొంత వాక్యం బోర్డు మీద రాసి క్లాసంతటితో చప్పట్లు కొట్టించుకుందట. అన్నం తింటూ చెప్పింది. నోట్సు గొడవలో పడి సగమే విన్నాను, పొద్దున్న మళ్లీ చెప్పించుకోవాలి.

శనివారం పేరెంట్స్ మీటింగ్. నన్ను ఇంట్లోనే ఉండమంటున్నారు మావారు, తను ఒక్కరే వెళ్లొస్తారట.