తనకు బదులు టోపీ పంపిన నటి

వియన్నా నుంచి బుడాపెస్ట్‌కి రైల్లో మూడు గంటలు కూడా పట్టదు. అందరూ పార్లమెంటు చూడండి, వేడినీటి స్నానాలు చేయండి అన్నారు. నేను హంగరీ నటి, గాయని కతలిన్ కరాది సమాధి ఉన్న ఫర్కష్‌రేతి శ్మశానం అన్నాను. "డబ్బు పోసి ఇంత దూరం వచ్చింది శ్మశానానికా?" అంది మా ఆవిడ.

సేల్ కాల్మాన్ కూడలిలో 59 నంబరు ట్రామ్ ఎక్కాం. ఫోన్లో కరాది పాట పెట్టి ఒక ఇయర్‌ఫోన్ తనకిచ్చాను. "ఆడ గొంతేనా ఇది?" అని అడిగింది. అంత బొంగురు గొంతు. ఆ పాటలో పడి మా స్టాపు దాటేశాం, వెనక్కి నడిచాం.

గేటు దగ్గర పూలమ్మే పెద్దావిడని "కతలిన్ కరాది?" అని అడిగితే, "కరాది కతలిన్" అని సరిదిద్దింది. వీళ్లకీ మనలాగే ఇంటిపేరు ముందు!

కరాది 1910లో బుడాపెస్ట్ శివారు కోబాన్యాలో, బూట్లు కుట్టే ఇంట్లో పుట్టింది. 1939లో తొలి సినిమాతోనే దేశమంతా పేరు మోగిపోయింది. 1944లో జర్మన్లు హంగరీని ఆక్రమించాక వాళ్ల రహస్య పోలీసు గెస్టపో ఆమెను పట్టుకెళ్లి చిత్రహింసలు పెట్టింది. బయటపడ్డాక ఊరుకుందా అంటే లేదు. ముందురోజు సాయంత్రం డాన్యూబ్ గట్టున 60 జతల ఇనప బూట్లు చూశాం. అక్కడి ఫాసిస్టులు యూదులను గట్టున నిలబెట్టి, బూట్లు విప్పించి కాల్చేసిన దానికి గుర్తు. అలాంటి చోటు నుంచే తన నగలిచ్చి పిల్లల్ని విడిపించుకుని, ఇంట్లో దాచిందామె. బూట్లు కుట్టే ఇంటి పిల్ల కదా, ఆ జతల మధ్య నిలబడి నాకు అదే గుర్తొచ్చింది. 2004లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ అనే యూదుల ఊచకోత స్మారక సంస్థ ఆమెను గౌరవించింది. అప్పటికి ఆమె పోయి పద్నాలుగేళ్లు.

యుద్ధం తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం ఆమెను పక్కన పెట్టేసింది. కాబోయే భర్త సోవియట్ చెరలో ఆచూకీ లేకుండా పోయాడు. 1951లో రహస్యంగా సరిహద్దు దాటింది. యూరప్‌లో కొన్నాళ్లు తిరిగి బ్రెజిల్‌లోని సావో పాలో చేరి టోపీల దుకాణం పెట్టింది. 1968లో న్యూయార్క్ వెళ్లింది. అక్కడా టోపీలే. విదేశాల్లో తారలుగా వెలిగిన హంగేరియన్ గాయనులు చాలామందే ఉన్నారు. నాకు మాత్రం ఈ టోపీల కరాదే ఎక్కువ నచ్చుతుంది.

1990 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో పోయాక గానీ ఇంటికి రాలేదు. హంగరీ సంగీతకారుడు బార్తోక్‌దీ అదే దారి. అక్కడే పోయాడు, 1988లో ఆయన అవశేషాలను ఈ శ్మశానానికే తెచ్చారు.

తిరిగి ట్రామ్ స్టాపుకి నడుస్తూ మా ఆవిడకి అసలు సంగతి చెప్పాను. కరాదికి 70 నిండినప్పుడు బుడాపెస్ట్‌లో వేడుక చేసి రమ్మని పిలిచారు. రాలేదు. తనకు బదులు ఒక టోపీ పంపింది.

"అలిగిందన్నమాట."

అలకేనా అనబోయాను. ఈలోగా 59 వచ్చేసింది.