గుణదల కొండ మెట్ల మీద

మా పెద్దోడు ఐసీయూలో ఉన్నప్పుడు మరియమాతకి ఒక్కటే మొక్కుకున్నాను. వాడు లేచి తిరిగితే బెజవాడ గుణదలలో తలనీలాలు ఇప్పిస్తానని, కొండ మీది సిలువ దాకా నడిపిస్తానని. తల్లి విన్నది. ఈ ఫిబ్రవరిలో తెనాలి నుంచి నేనూ, మా ఆయనా, ఎడమ కాలు ఇంకా కాస్త ఈడుస్తున్న మావాడూ బయల్దేరాం.

ఉత్సవాలు 9, 10, 11 తేదీల్లో. లూర్దు మాత పండుగ 11న కాబట్టి ఆ రోజు తొక్కిడి ఎక్కువని ముందు రోజే వెళ్ళాం. ఏం లాభం? బెజవాడంతా అక్కడే ఉంది. ఎటు చూసినా గుండ్లు, కొబ్బరికాయలు, కొవ్వొత్తుల కట్టలు, చంకల్లో పిల్లలు. బొట్టు పెట్టుకున్నవాళ్ళూ, చేతిలో జపమాల తిప్పుతున్నవాళ్ళూ ఒకే లైనులో. మైకులో ఫాదర్ గారి ప్రసంగం, మధ్యమధ్య తప్పిపోయిన పిల్లల పేర్లు. దేవుని ప్రేమ గురించని తెలిసింది గానీ, ఒక్క మాటా పూర్తిగా చెవిన పడలేదు. ఆ బూరలమ్మేవాళ్ళని కాస్త దూరం పెట్టొచ్చు కదా!

మావాడి గుండు త్వరగానే అయింది. మాత స్వరూపం ఉన్న గుహ దగ్గరికి వెళ్ళే లైనే కదలదు. మా ముందు నిలబడ్డావిడ ఖమ్మం వైపు నుంచి వచ్చిందట. కూతురికి బిడ్డ పుట్టాలని మొక్కు. చెప్పుల్లేకుండా, నీళ్ళ సీసా ఒకటి, కొవ్వొత్తులు కొన్ని పట్టుకుని పొద్దున్నుంచీ నిలబడే ఉంది.

ఇంకాస్తలో గుహ అనగా లైనులో ఒకాయన కూలబడ్డాడు. తాగి ఉన్నాడు. భళ్ళున కక్కితే పక్కావిడ చీరంతా పాడైంది. ఇక తిట్లే తిట్లు. "మాత దగ్గరికి తాగొస్తావా, సిగ్గులేదా?" అని ఒకరు, "అవతలికి లాగెయ్యండి" అని ఇంకొకరు. అందరం ముక్కులు మూసుకుని జరిగాం. ఆ ఖమ్మం ఆవిడ మాత్రం వెనక్కి తిరిగి అతని పక్కన కూర్చుంది.

"వాంతి గొంతుకి అడ్డం పడుద్ది. పక్కకి తిప్పుదాం, పట్టు బాబూ" అంది మావాడితో. వాడు వంగి పట్టాడు. ఆవిడ సీసాలో నీళ్ళతో కొంగు తడిపి అతని మొహం, గెడ్డం, మెడ తుడిచింది. అతను ఆవిడనే బూతులు తిట్టాడు. నేను రాయలేను ఆ మాటలు. "తిట్టుకో, తిట్టుకో. ముందు నోరు పుక్కిలించు" అంది. చిరాకు లేదు, జాలి మొహమూ పెట్టలేదు, సొంత తమ్ముడికి చేసినట్టే చేసింది. "మీ వాళ్ళా?" అని ఎవరో అడిగితే "ఎవరోనమ్మా" అంది.

వాలంటీర్లు వచ్చి అతన్ని తీసుకెళ్ళేసరికి లైను చాలా ముందుకి వెళ్ళిపోయింది. "రండక్కా, ఇక్కడ నిలబడండి" అని పిలిచాను. వెనకవాళ్ళు ఒప్పుకోలేదు, మధ్యలో దూరనిచ్చేది లేదని అరిచారు. అంత ప్రసంగం విన్న జనం! ఆవిడ "పోనీలే అమ్మా" అని చివరికి పోయి నిలబడింది. మళ్ళీ కనబడలేదు.

గుహలో మాతని చూసింది రెప్పపాటు. దండల మధ్య మొహం, జోడించిన చేతులు. అడగాలనుకున్నవన్నీ మర్చిపోయాను. "దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అనే లోపే "నడవండి, నడవండి" అని తోసేశారు. అయినా ఆ మొహం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

సిలువ దగ్గరికి ఎక్కుతూ మా ఆయన సణుగుడు. "తాగుబోతుకి సేవేంటి? పోలీసులున్నారు, చూసుకుంటారు. ఆవిడ దర్శనం పోయింది, అంతే." 1924లో ఇక్కడ మాత స్వరూపం పెట్టిన ఫాదర్ అర్లాటి గారు నడిపింది అనాథ పిల్లల సంస్థనే కదా, అన్నాను. "పిల్లలు వేరు, వీడు వేరు" అన్నాడు. అప్పుడు నాకు బైబిల్లోని మంచి సమరయుని కథ గుర్తొచ్చింది. దొంగలు కొట్టి పడేసిన ఆ మనిషి మంచివాడో కాదో లూకా సువార్తలో ఎక్కడా లేదు. మనమే మంచివాడని అనుకుంటాం. ఆ దారిన పోతున్న సమరయుడు గాయాలకి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, అతన్ని చూసుకోమని పూటకూళ్ళవాడికి రెండు దేనారాలు, అంటే రెండు వెండి నాణేలు ఇచ్చాడు. నువ్వెవరివని మాత్రం అడగలేదు.

మావాడు మెట్టు మీద కూర్చుని కాలు నొక్కుకుంటూ అన్నాడు: "నాన్నా, ఆ రోజు బండి మీంచి పడితే నేనూ తాగి పడ్డాననే అనుకున్నారంట అందరూ. ఆటో అతనూ అలాగే అనుకున్నాడంట. అయినా ఎక్కించుకున్నాడు."

ఇది మాకెప్పుడూ చెప్పలేదు వాడు. మా ఆయన లేచి వాడి చెయ్యి పట్టుకున్నాడు. సిలువ దగ్గర కొవ్వొత్తి గాలికి ఆరిపోతుంటే మూడోసారికి నిలబెట్టాం.

ఆ ఆటో అతని నంబరు ఆసుపత్రి రిజిస్టర్లో రాసి ఉంటుందంటున్నాడు మావాడు. ఆదివారం పూజ అయ్యాక ముగ్గురం వెళ్ళి అడగాలనుకుంటున్నాం.