మెట్లు కాపాడిన ఓడ

రోటర్‌డామ్‌లో విల్‌హెల్మినా రేవు కొసన ఒక పాత భవనం ఉంది. ఇప్పుడది హోటల్ న్యూయార్క్. ఒకప్పుడు హాలండ్ అమెరికా లైన్ ప్రధాన కార్యాలయం. బతుకుతెరువు కోసం అమెరికా వెళ్లిన లక్షల మంది యూరప్ వాసులకు ఆ సంస్థ ఓడలే దారి. మేం చూడబోతున్న ఆ సంస్థ పాత ఓడ దాకా నడిచే వెళ్లాలనీ, ఆ నడక ఇక్కడే మొదలుపెట్టాలనీ డెల్ఫ్ట్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి పట్టుబట్టింది. కాలినడక వంతెన మీదుగా రైన్‌హావెన్ దాటితే కాటెన్‌డ్రెక్ట్. వందేళ్ల కిందట చైనా నావికులు కాపురముండిన పేట అది. దాన్ని దాటి చివరికంటా వెళ్తే నీళ్ల పక్కన లేత బూడిద రంగులో ఓ పొడవాటి గోడ కనిపించింది. దగ్గరికి వెళ్తే తెలిసింది, అది గోడ కాదు, మేం వెతుకుతున్న ఆవిరి ఓడ, ఎస్‌.ఎస్‌. రోటర్‌డామ్. 228 మీటర్ల పొడవు.

దీని గురించి చదివి ఎన్నేళ్లయిందో. ఒడ్డున నిలబడి ముందుగా వెతికింది పొగగొట్టాన్ని. ఓడ బొమ్మ గీయమంటే పిల్లలైనా నడుమ లావుపాటి గొట్టం పెడతారు కదా! ఇక్కడ అది లేదు. వెనక వైపు సన్నటి గొట్టాలు రెండు పక్కపక్కన నిలబడి ఉన్నాయి, అంతే. యంత్రాల గదిని వెనక్కి జరిపారు కాబట్టి నడుమ ఉన్న విశాలమైన చోటంతా మనుషులకు మిగిలింది. అప్పట్లో చాలామందికి ఆ రూపం నచ్చలేదు. నాకు మాత్రం ఆ జంట గొట్టాల్లో ఒక ధీమా కనిపించింది.

1958 సెప్టెంబర్ 13న, ఇదే ఊరి నౌకానిర్మాణశాలలో, రాణి జూలియానా చేతుల మీదుగా ఈ ఓడకు జలప్రవేశం జరిగింది. సరిగ్గా మూడు వారాలకు, అక్టోబర్ 4న, లండన్, న్యూయార్క్‌ల మధ్య ప్రయాణికుల జెట్ విమానాలు ఎగరడం మొదలైంది. వారం పైచిలుకు సముద్రం మీద గడిపే దారిని ఇక ఒక్క పూటలో దాటేయవచ్చు. 1959 సెప్టెంబర్ 3న యువరాణి బియాట్రిక్స్‌ను ఎక్కించుకుని న్యూయార్క్‌కు తొలి ప్రయాణం కట్టేనాటికే ఈ ఓడ పుట్టిన పనికి నూకలు చెల్లిపోతున్నాయి. దాని సాటి ఓడల్లో ఎన్ని మిగిలాయి? ఫ్రాన్స్ దేశం పేరే పెట్టుకున్న ఓడ 2006లో మన గుజరాత్‌లోని అలంగ్ తీరానికి తుక్కుగా చేరింది. ఇది బతికింది. ఎందుకు బతికిందో చూడాలనే నేను వచ్చాను. ఆ జవాబు ఓడ నడిమధ్యన ఉన్న మెట్ల దగ్గర దొరికింది.

ఆ కాలపు ఓడల్లో మొదటి తరగతి వాళ్లు, టూరిస్టు తరగతి వాళ్లు ఎదురుపడకూడదు. మామూలుగా ఓడను ముక్కలుగా కోసినట్టు, నడిమి భాగం డబ్బున్నవాళ్లకూ, కుదుపు ఎక్కువగా ఉండే చివరలు మిగతావాళ్లకూ ఇచ్చేవారు. ఇక్కడ అడ్డంగా కాకుండా అంతస్తుల వారీగా విడదీశారు. ఒకే బావిలాంటి చోట రెండు మెట్ల వరుసల్ని ఒకదానిలో ఒకటి అల్లారు. ఫ్రాన్స్‌లోని షాంబోర్ కోటలో ఉన్న జంట మెట్లది కూడా ఇదే ఉపాయం. ఒక వరుస ఎక్కేవాళ్లు తమ పక్కనే రెండో వరుస ఉందని గమనించకుండానే తమ అంతస్తుకు చేరిపోతారు. నడుమ అడ్డుగా ఉన్నవి జరపగలిగే పలకలు. చలికాలంలో అట్లాంటిక్ ప్రయాణాలు పలచబడినప్పుడు ఆ పలకలు పక్కకు జరిపితే ఓడంతా ఒకే తరగతి! విహారయాత్రలకు సిద్ధం.

మా అమ్మాయి ఒక వరుస, నేను ఒక వరుస ఎక్కి చూశాం. తన అడుగుల చప్పుడు నా తలకు కాస్త పైన వినబడుతూనే ఉంది. ఇంత దగ్గరగా నడిచి కూడా, పలకలు మూసి ఉన్న రోజుల్లో, ఒకరి ముఖం ఒకరు చూడకుండా సముద్రం దాటేశారు మనుషులు. విడదీయడానికి ఇంత తెలివి ఖర్చు పెట్టారే అని మనసు చివుక్కుమంది. కానీ కలపడానికి వీలుగా విడదీసిన ఆ తెలివే ఓడను నిలబెట్టింది. 1969లో అట్లాంటిక్ రాకపోకలు మానేసి పూర్తిగా విహార నౌకగా మారినప్పుడు దీన్ని చీల్చి మళ్లీ కట్టాల్సిన అవసరం రాలేదు. 1997 దాకా అదే పేరుతో, అదే సంస్థ కింద తిరిగింది.

ఆ ఏడాది అమల్లోకి వచ్చిన అగ్నిప్రమాద భద్రతా నిబంధనలకు తగ్గట్టు మార్పులు చేయడం కంటే అమ్మడమే మేలనుకుంది పాత యాజమాన్యం. కొన్న సంస్థ రెంబ్రాంట్ అని పేరు పెట్టింది, 2000లో దివాలా తీసింది. బహామాస్‌లో ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది ఓడ. తర్వాత జిబ్రాల్టర్, పోలండ్, జర్మనీ రేవుల్లో ఆస్బెస్టాస్ తీయించుకుని, మరమ్మతులు చేయించుకుని 2008 ఆగస్టు 4న పుట్టిన ఊరు చేరింది. నది ఒడ్డులు జనంతో నిండిపోయాయట.

అయితే ఆ పునరుద్ధరణ ఖర్చు 20 కోట్ల యూరోలు దాటింది. ఆ డబ్బు పెట్టింది తక్కువ అద్దెకు ఇళ్లు కట్టించాల్సిన సంస్థ. 2013లో ఓడను అమ్మితే వచ్చింది సుమారు 3 కోట్ల యూరోలు. డచ్ పార్లమెంటు విచారణలో కూడా ఇది చర్చకు వచ్చింది. పేదల ఇళ్లకు పోవాల్సిన డబ్బు ఇలా పోవడం తప్పే. ఆ మాట ఒప్పుకుంటూనే, ఓడ మిగిలినందుకు సంతోషిస్తున్నాను. ఈ రెండింటినీ నేను సరిపెట్టలేను.

యంత్రాల గదిలో నాలుగు బాయిలర్లు చల్లగా ఉన్నాయి. మాకు చూపించిన పెద్దాయన ఆవిరి టర్బైన్ల మీద చెయ్యి వేసి నిమురుతూ మాట్లాడారు. ఓడ ఇప్పుడు హోటలు కూడా కాబట్టి ఆ రాత్రికి అక్కడే ఉన్నాం. రాత్రి రిట్జ్ కార్ల్‌టన్ హాలులో వంపు తిరిగిన మెట్ల కింద కూర్చున్నాం. తర్వాత కేబిన్‌లో పడుకుంటే నీళ్ల చప్పుడు వస్తుందేమోనని చెవి ఒగ్గి విన్నాను.

పొద్దున వెళ్లిపోయే ముందు జంట మెట్ల దగ్గర మా అమ్మాయి ఆగింది.

"నాన్నా, అప్పట్లో వచ్చి ఉంటే మనం ఏవి ఎక్కేవాళ్లం?"

"టూరిస్టు మెట్లే."

ఆ వరుసలోనే దిగాం.