ఫిలాసఫీ డిగ్రీలో అసలు నేర్చుకునేది

ఫిలాసఫీ చదివితే ముందు అలవడేది నెమ్మదిగా చదవడం. 1963లో అమెరికన్ తత్వవేత్త ఎడ్మండ్ గెటియర్ రాసిన వ్యాసం మూడే పేజీలు. నమ్మకం నిజమై, దానికి తగిన ఆధారమూ ఉంటే అదే జ్ఞానం అన్న నిర్వచనాన్ని రెండు ఉదాహరణలతో కుదిపేశాడు. ఒక్కసారి చదివితే అర్థమైపోయినట్టే ఉంటుంది. అక్కడే మోసపోతాం!

మొదటిసారి చదివేటప్పుడు ముగింపు, అంటే రచయిత నిరూపించాలనుకునే మాట, ఎక్కడుందో పట్టుకోవాలి. రెండోసారి దానికి మద్దతుగా చెప్పిన ఆధారవాక్యాలను విడదీసి నంబర్లు వేయాలి. ఆపైన, పైకి చెప్పకుండా వదిలేసిన ఊహ ఏదో వెతకాలి, కష్టమంతా అందులోనే. చాలామంది విద్యార్థులు ఈ మెట్టు వదిలేసి నేరుగా ఖండనకు దిగుతారు, అందుకే రచయిత అనని మాటను ఓడించి వస్తారు. అవతలివాడి వాదాన్ని అతనే ఒప్పుకునేంత బలంగా ముందు రాయాలి. మతాల అధ్యయనంలోనూ అంతే: నమ్మేవాళ్లు ఏమంటున్నారో తెలిశాకే అది నిజమా అన్న ప్రశ్న.

(బట్టీ పట్టేవాళ్లకు మాత్రం ఈ సబ్జెక్టు నరకం.)