అమ్మ పెన్షన్ కేసు: వేసిన కోర్టు తప్పు, గడువు లెక్క తప్పు (నా అనుభవం)

నాన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, 2016లో పోయారు. అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ అయితే వెంటనే మొదలైంది గానీ, నాన్నకు చివర్లో వచ్చిన స్కేలు కలపకుండా లెక్క కట్టారని మాకు తెలిసేసరికి ఐదేళ్లు దాటింది. ఆఖరి బేసిక్‌లో 30 శాతం ఇస్తారు కదా, ఆ బేసిక్కే తప్పు. నెలకు 1,850 రూపాయల దాకా తేడా. అర్జీ పెడితే 2022 ఏప్రిల్‌లో కుదరదని రెండు లైన్ల జవాబు వచ్చింది.

నేను చేసిన పెద్ద పొరపాటు ఆ తర్వాతదే. మళ్లీ అర్జీ, దానికి జవాబు లేదని రిమైండర్, పై అధికారికి ఇంకోటి, ఇట్లా పది నెలలు పోస్టాఫీసు చుట్టూ తిరిగినాను. కొత్త అర్జీ పెడితే కేసు వేసే గడువు కొత్తగా మొదలవుతుందనుకున్నా. కాదంట. కుదరదన్న మొదటి ఆర్డర్ నుంచే ఏడాది లెక్క.

కోర్టు సంగతి ఇంకో కథ. పక్కింటి సార్ రిటైర్డ్ టీచర్, "హైకోర్టులో రిట్ వెయ్యి" అన్నారు. రాష్ట్ర ఉద్యోగుల కేసులు చూసే ట్రిబ్యునల్ రద్దయింది కాబట్టి వాళ్లు నేరుగా అక్కడికే పోతారు, ఆయనకు తెలిసిన దారి అది. అమరావతి దాకా ఎవరు పోతారులే అని, తెలిసినాయన చెప్పాడని 2023 ఫిబ్రవరిలో అనంతపురంలోనే సివిల్ దావా వేసినాం. అక్టోబర్‌లో ఈ కోర్టు పరిధి కాదని కాగితాలు వాపసు ఇచ్చారు.

అప్పుడు క్లాక్ టవర్ దగ్గర ఒక పెద్ద లాయర్‌ను పట్టుకున్నా. "ఏమప్పా, సెంట్రల్ ఉద్యోగి పెన్షన్ కూడా సర్వీస్ మేటరే కదా, క్యాట్‌కు పోకుండా ఇక్కడేం చేస్తావుంటిరి?" అన్నాడాయన. క్యాట్ అంటే కేంద్ర ఉద్యోగుల సర్వీస్ కేసులు, అంటే ఉద్యోగానికి సంబంధించిన గొడవలు చూసే సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్. 1985 చట్టం కింద వచ్చిన ఆ ట్రిబ్యునలే ముందు, హైకోర్టు దాని తర్వాతనే. మన రాష్ట్రానికి హైదరాబాద్ బెంచ్. ఫీజు 50 రూపాయలు, పోస్టల్ ఆర్డర్ తీసినా చాలు. బస్సు ఖర్చు దానికి ఎన్ని రెట్లో చెప్పనక్కర్లేదు.

డిసెంబర్‌లో అక్కడ ఓఏ (ఒరిజినల్ అప్లికేషన్, అంటే ట్రిబ్యునల్‌లో వేసే కేసు) వేసినాం. ఆలస్యం మన్నించమని వేరే అప్లికేషన్, అఫిడవిట్, వాపసు ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ అన్నీ జత చేసినాం. నాకు టెన్షన్. లాయర్ మాత్రం నింపాదిగా తర్సేమ్ సింగ్ కేసులో 2008 నాటి సుప్రీంకోర్టు తీర్పు తీసి చూపించాడు. పెన్షన్ తక్కువ ఇస్తే ఆ నష్టం నెలనెలా జరిగేదే కాబట్టి ఆలస్యమైందని కేసు కొట్టెయ్యరు, కానీ అరియర్స్ మాత్రం కేసు వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్లకే.

అట్లనే అయింది. పెన్షన్ సరిచేయమన్నారు, అరియర్స్ 2020 డిసెంబర్ నుంచి. ఆ రెండు లైన్ల జవాబు వచ్చిన మరుసటి నెలలోనే వేసుంటే 2019 మే నుంచి వచ్చేవి. పంతొమ్మిది నెలలు, దగ్గర దగ్గర 35 వేలు. డబ్బు పడిన రోజు అమ్మ పాస్‌బుక్ రెండుసార్లు చూసి, "మిగతాది ఎప్పుడేస్తారు నాయనా?" అనింది. రాదని ఇంకా చెప్పలేదు.